కళింగపట్నం బొమ్మలో ఏడు లోపాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉంటుందనే నాకు తెలియదు. కొత్త ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. లోకంలో ఏ వస్తువునైనా పరీక్షించి నోటు రాసేయగలనన్న ధైర్యం. ఆ ధైర్యం పది నిమిషాల్లో ఎలా వదిలిందో ఆనాటి డైరీలో ఇవాళ పొద్దున్నే మళ్ళీ చదివి, ఒక్కడినే నవ్వుకున్నాను.

శ్రీకాకుళంలో మా ఆఫీసు మీటింగు గదికి ఒక బొమ్మ కావాలనుకున్నారు. హైస్కూలు డ్రాయింగు మాస్టారు తాను వేసిందొకటి ఊరికే ఇస్తానని, దుప్పటి చుట్టి, రిక్షాలో స్వయంగా తెచ్చారు. బొమ్మలో ఉన్నది వంశధార సముద్రంలో కలిసే చోటు, కళింగపట్నం. ఆయన ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత కుండలూ మామిడికాయలూ వేయించిన మనిషికి, తన చేతి బొమ్మ ఒక్కటైనా నలుగురూ చూసే గోడ మీద ఉండాలని కోరిక. (ఈ సంగతి ఆయన చెప్పలేదు, హెడ్డుగుమాస్తాగారు చెప్పారు.) సాయంత్రం ఆఫీసరుగారు చూసేలోగా పరీక్షించి నోటు పెట్టమని ఆ హెడ్డుగుమాస్తాగారే నాకు పురమాయించారు.

స్కేలు తెచ్చి కొలిచాను. ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి, ఏడు లోపాలు వరస నంబర్లతో రాశాను. సముద్రం నీలంగా లేదు. సగం ఎర్రమట్టి రంగు, సగం పాచి రంగు. రెంటి మధ్య గీత వంకర. రంగు నున్నగా లేదు, పొలం గట్టులా అక్కడక్కడ లేచి ఉంది. కుంచె వెంట్రుక ఒకటి ఆకాశంలో ఇరుక్కుంది (ఇది ఐదోది). నీలం వేసి సరిచేసి తెస్తే తీసుకోవచ్చునని ముగించి, ఎదురుగా కూర్చున్న మాస్టారికే చదివి వినిపించాను. ఆయన కోప్పడలేదు. తమరిది ఏ ఊరని అడిగారు. శృంగవరపుకోట అని, కొండల పక్కవాళ్ళమని గర్వంగా చెప్పాను. అప్పటికి నేను చూసిన సముద్రమల్లా క్యాలెండరులోదే. ఆయన బొమ్మకి మళ్ళీ చుట్టడానికి దుప్పటి దులిపారు.

రోజూ మధ్యాహ్నం మా వరండాలోకి వచ్చే చేపలావిడ, తట్ట గుమ్మం బయట దించి, అప్పుడే లోపలికి తొంగిచూసింది. నన్ను పక్కకి జరగమని, తాను నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది.

"ఏరొచ్చీసినాది," అంది, ఎర్రరంగు వైపు చూపించి. "రెండు నీళ్ళూ ఎంటనే కలవవు బాబూ, అలా గీత కడతాది. ఆ గీతెంటే మావోళ్ళు వలేస్తారు."

ఆ లేచిన రంగును వేలితో గాలిలోనే నిమిరింది. "కెరటం ఇటు ఇరిగిందంటే గాలి దచ్చినం నుంచొస్తన్నాది. ఇంత గాలికి మా ఇంటాయన తెప్ప దించడు."

నీలం వేస్తే ఇంకా బాగుంటుందేమోనని గొణిగాను.

"బాగుంటాది బాబూ," అంది. "సేపలుండవంతే."

మాస్టారు దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను ఆమె పక్కకి వెళ్ళి చూశాను. దగ్గర్నుంచి గట్టులా ఉన్న రంగు అక్కణ్ణుంచి కదిలింది. ఎర్రనీరు పచ్చనీటిని తోసుకుంటూ పోతోంది. నాకు కాస్త తూలినట్టయింది. (భోజనం చేయకపోవడం కూడా కారణం కావచ్చు. డైరీలో రెండూ రాసుకున్నాను.)

నోటు చింపేసి, కొత్త కాగితం మీద "పరీక్షించాను. సముద్రం సరిగ్గా ఉంది" అని రాశాను. ఆఫీసరుగారు నవ్వి సంతకం చేశారు. మేకు నేనే కొట్టాను. మాస్టారు బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, వెళ్తూ వెళ్తూ, "వానలు పడ్డాక ఓసారి ఆ ఊరెళ్ళి సూడండి బాబూ," అన్నారు. వెళ్ళాను. ఆ గీత వంకరగానే ఉంది.

ఆ తర్వాత ఎన్నో బొమ్మల ముందు నిలబడ్డాను, ఎంతో సుఖపడ్డాను. అదంతా ఆ ఇద్దరి చలవే. ఆ మాట మాస్టారికి ఆయన బతికుండగానే చెప్పుకోగలిగాను. చేపలావిడకి చెప్పుకోలేదు, పేరైనా అడగలేదు. రోజుకో పేజీ నింపిన ఆ కుర్రాడికి ఏది రాసుకోవాలో అప్పటికింకా తెలియదు, పాపం.