రోజుకొక్క ఫోటో

నేను కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టానని మా ఇంట్లో అంటారు. ఒక్కచోట కూర్చోలేను. ఇది రాస్తూ కూడా ఇప్పటికి మూడుసార్లు లేచాను, ఒకసారి నీళ్ళకు, రెండుసార్లు ఊరికే. అలాంటిదాన్ని పద్నాలుగు రోజులు మిద్దె మీద కూర్చోమన్నారు. ఆ పని నాకు చేతకాలేదు. దానివల్ల నష్టపోయింది మాత్రం ఇంకొకరు.

2020లో నేను జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాను. ఫిబ్రవరిలో సెలవులు ఇవ్వగానే నెల రోజుల రైలు పాసు కొనుక్కుని బయల్దేరాను. ప్రాగ్, వియన్నా, వెనిస్, పారిస్, ఆఖరికి పోర్చుగల్‌లో నేల అయిపోయి సముద్రం మొదలయ్యే కొన. ఆ కొన మీద అంత పిచ్చి ఎందుకంటే, పత్తికొండ పక్కన పల్లెలో పుట్టినదానికి ఏ దిక్కు చూసినా నేలే. అది ఎక్కడో ఒకచోట అయిపోతుందంటే అక్కడ నిలబడి చూడాలనిపించింది. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

ఈ ప్రయాణం మీద నాకంటే ఎక్కువ ఆశ పెట్టుకున్న మనిషి మా చిన్నాయన, నాన్నకు తమ్ముడు. మా పక్క వీధిలో ఉంటాడు. బోరు కింద మూడెకరాల టమోటా ఆయనది. ఆయన చూసిన దూరదేశాలు బళ్ళారి, తిరుపతి. వెనిస్ స్టేషన్‌లో వైఫై దొరికితే అప్పటిదాకా తీసిన నలభై ఫోటోలు ఒక్కసారే ఆయనకు పంపేశాను. ఆయన వాటిని ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక్కసారే పెట్టలేదు. పొద్దున్నే మోటరు వేసి, గట్టు మీద కూర్చుని, రోజుకొక్కటి పెట్టాడు. కింద తప్పకుండా ఒక వాక్యం: "మా పాప ఈ పొద్దు ప్రాగ్‌లో ఉండాది."

నేను ప్రాగ్ వదిలి అప్పటికి చాలా రోజులైంది. ఫోన్లో నవ్వాను.

"అన్నీ ఒక్కసారే పెడితే ఒక్క పూటకే అయిపోతాది పాపా. రోజుకొకటైతే ఊరంతా నీతోపాటే తిరుగుతాది," అన్నాడు.

ఆ మాట ముచ్చటగా అనిపించి వదిలేశాను. అప్పుడే వద్దని చెప్పాల్సింది.

మార్చిలో పారిస్ స్టేషన్‌కు పోయేసరికి బోర్డు మీద రైళ్ళన్నీ ఒకదాని తర్వాత ఒకటి రద్దయిపోతున్నాయి. కొనకు పోయే రైలు కూడా. పాసులో ఇంకా ఆరు రోజులున్నాయి. బ్యాగు తగిలించుకుని ప్లాట్‌ఫాం మీద ఇటు నుంచి అటు తిరుగుతూనే ఉన్నాను, తిరిగితే రైలు వస్తుందన్నట్టు. నాన్న ఫోన్ చేసి ఏ విమానం దొరికితే అది ఎక్కమన్నాడు. దొరికింది. హైదరాబాదులో దిగి కారులో కర్నూలు దాటుతున్నప్పుడు ఫోన్ చూసుకున్నాను. గ్రూపులో పడవ, నీళ్ళు, నేను. కింద, "మా పాప ఈ పొద్దు వెనిస్‌లో ఉండాది."

టీవీలో పొద్దస్తమానం కరోనా అంటూ ఇటలీయే చూపిస్తున్న రోజులు అవి.

నేను ఇల్లు చేరేలోపే వార్త చేరింది. కారు దిగగానే నాన్న నన్ను బయటి మెట్ల మీదుగా మిద్దె ఎక్కించాడు. మా ఇంటి ముందు దూరం దూరంగా నిలబడి జనం. "ఈ పొద్దు ఇటలీలో ఉన్న పిల్ల, ఈ పొద్దే ఈడికి ఎట్లొచ్చిందప్పా?" అని ఒకాయన నిలదీశాడు.

"పాత ఫోటోలప్పా అవి! ఆ ఊరు ఇడిసిపెట్టి మూడు వారాలయింది," అని చిన్నాయన మొత్తుకున్నాడు.

"ఈ పొద్దు అని రాసింది నువ్వే కదప్పా!"

నేను తేదీలున్న టికెట్లు మిద్దె మీది నుంచి ఊపి చూపించాను. ఎవరూ దగ్గరికొచ్చి చూడరు కదా.

ఆఖరికి తీర్పు చెప్పింది చిన్నాయన చేన్లో కాయ కోసే ఆడకూలీలకు పెద్ద, ఊరంతా అక్కా అని పిలిచే ఆవిడ. తోటంతా ఎర్రబడి ఉంది. నాలుగు రోజులు కోయకపోతే కాయ మెత్తబడి చెట్టు మీదే పోతుంది. "ఆ పాప పద్నాలుగు దినాలు మిద్దె దిగకుంటే కాయ కోసేకి వస్తాం. దిగిందంటే రాము. మాకూ పిల్లోళ్ళుండారు," అంది. న్యాయమైన మాట. చిన్నాయన తల ఎత్తి నా వైపు చూసి, "మా పాప దిగదులే," అన్నాడు.

మిద్దె ఈ కొస నుంచి ఆ కొసకు ముప్పై రెండు అడుగులు. కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అమ్మ మెట్ల మీద పళ్ళెం పెట్టి పోయేది. రోజూ సాయంత్రం పాసు తీసి చూసుకునేదాన్ని, దాని గడువు తీరిపోయాక కూడా. నాకు కోపంగా ఉండేది. అక్కడ మనుషులు చచ్చిపోతుంటే ఒక టూరు పోయిందని కోపమేమిటని సిగ్గుగానూ ఉండేది. సిగ్గుపడితే కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

తొమ్మిదో రోజు తెల్లవారుతుండగా దిగాను. కారణం ఏమైనా ఉంటే బాగుండేది. లేదు. కాళ్ళు దిగాయి, నేను వెంట పోయాను. వీధిలో ఎవరూ లేరు. నేరుగా చిన్నాయన చేనుకు పోయి, గట్టు మీద నిలబడి, ఒక పండు కోసుకుని తిన్నాను. అంత రుచి ఆ నెలలో ఏ ఊర్లోనూ చూడలేదు.

లాక్‌డౌన్‌లో మార్కెట్ పొద్దున కాసేపే తెరుస్తున్నారని, అందుకే కూలోళ్ళు తెల్లవారుతూనే వస్తున్నారని నాకెవరూ చెప్పలేదు. తల ఎత్తేసరికి ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఖాళీ గంపలతో, బాట మీద నిలబడి ఉన్నారు. నా చేతిలో సగం తిన్న టమోటా.

"ఏం పాపా ఇది," అంది ఆ అక్క. తిట్టలేదు. అందరూ వెనక్కి తిరిగారు.

మోటరు షెడ్డులోంచి చిన్నాయన పరుగెత్తుకొచ్చాడు. "నేనే రమ్మన్నానక్కా, మోటరు కట్టేసేకి! పాప తప్పేం లేదు!" అని వాళ్ళ వెనక అరిచాడు. ఆ మోటరును ఆయన సొంత భార్యనే ముట్టనివ్వడని ఊరంతటికీ తెలుసు. ఎవరూ ఆగలేదు. నా వైపు తిరిగి, దూరం నుంచే, "పో పాపా. మిద్దె ఎక్కు," అన్నాడు.

చిన్నాయన, చిన్నమ్మ ఇద్దరే మూడు రోజులు కోశారు. మూడెకరాలకు నాలుగు చేతులు ఏం చాలుతాయి? పదమూడో రోజు మిద్దె మీది నుంచి చూస్తుండగా తోటలోకి గొర్రెల మంద దిగింది. ఆయనే తోలించాడు. మధ్యాహ్నం మా వీధిలోంచి తిరిగి పోతుంటే వాటి మూతులన్నీ ఎర్రగా ఉన్నాయి.

నాకు జబ్బు రాలేదు. ఆ వేసవిలో మా ఊర్లో ఎవరికీ రాలేదు. అంతమాత్రాన వాళ్ళు భయపడటం తప్పయిపోదు, నేను దిగడం ఒప్పయిపోదు.

తప్పయిందని చెప్పడానికి మూడుసార్లు ఆయన దగ్గరికి పోయాను. మూడుసార్లూ మజ్జిగ తాగమన్నాడు. మూడోసారి మాత్రం, "గొర్రెలన్నా తిన్నాయిలే పాపా," అన్నాడు. ఫోటోలు పెట్టడం ఆపేశాడు. నలభైలో పదిహేడు ఆయన ఫోన్లోనే ఉండిపోయాయి. గ్రూపులో ఆయన మళ్ళీ ఏమీ రాయలేదు. పెళ్ళి పత్రికలు, వాన కబుర్లు, ఎవరి బర్రె తప్పిపోయిందన్న కబుర్లు వస్తూనే ఉన్నాయి. పొద్దున పూట ఆయన ఫోటో వచ్చే వేళకు నేను ఫోన్ తీసి చూడటం చాలా రోజులు మానలేకపోయాను.

చదువు అయిపోయి, జర్మనీలోనే ఉద్యోగం దొరికాక, పోయిన ఏడాది ఆ కొనకు పోయాను. గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. నేల నిజంగానే అయిపోయింది. ఒక ఫోటో తీసి చిన్నాయనకు పంపాను. ఒక్కటే.

జవాబు వెంటనే వచ్చింది. "శానా బాగుండాది పాపా. ఇది ఈ పొద్దుదేనా?"

ఇప్పుడే తీశాను చిన్నాయనా, అని రాశాను.

తర్వాత, "అయితే గ్రూపులో పెట్టేదా?" అని అడిగాడు.

పెట్టు చిన్నాయనా, అని రాసి ఆ రాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన పెట్టేదాకా లేవలేదు.