బొమ్మ దిష్టి

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లో మా గల్లీకి సౌదీ నుంచి ఎవరు వచ్చినా, వాళ్ళ పెట్టెలు విప్పే వేళకు గల్లీ అంతా అక్కడే ఉండేది. ఎవరినీ పిలవాల్సిన పని లేదు. తాళ్ళు కోసి మూత తీయగానే సెంటు వాసన గుప్పుమనేది, తరువాత ఇంటికింత అని పంచేవాళ్ళు. మేము ఖాలా అని పిలిచే పక్కింటావిడ భర్త వచ్చినప్పుడు మా ఇంటికి రెండు సబ్బులు, ఒక నొప్పుల మందు సీసా వచ్చాయి. సబ్బులు రుద్దుకోవడానికి మనసొప్పక మా అమ్మ వాటిని బీరువాలో చీరల మధ్య పెట్టింది. ఖాలా కొడుకు నా ఈడువాడే. వాడికి ఒక బొమ్మ లారీ వచ్చింది.

ఉత్త లారీ అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. వాళ్ళ నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని ఇటు లాగి, అటు మడిచి, ఏదో తిప్పేసరికి అది మనిషై నిలబడింది. మనిషంటే మరీ చక్కని మనిషేం కాదు. తల నడుమ రాకుండా ఎడమ భుజం మీదికి వచ్చింది. ఒక చెయ్యి నిచ్చెనలా పొడుగు, ఇంకోటి గరిటెంత. మోకాళ్ళకు చక్రాలు, చెవులుండాల్సిన చోట లారీ తలుపులు. దావత్‌లో బిర్యానీ ఎక్కువైన పెద్దమనిషిలా వెనక్కి వాలి నిలబడేది. దాన్ని తయారుచేసినవాడెవడో పని సగంలో వదిలి భోజనానికి లేచి ఉంటాడని ఇప్పుడనిపిస్తుంది.

అది అందంగా ఉండి ఉంటే నేను అంతగా ఏడ్చేదాన్ని కాదేమో. రాయికోడ్ జాతరలో కొన్న ప్లాస్టిక్ బొమ్మ ఒకటి నాకూ ఉండేది. పొద్దున ఎలా నవ్వేదో రాత్రీ అలాగే నవ్వేది, దాని దగ్గర తెలుసుకోవడానికి ఏమీ లేదు. ఈ వంకర మనిషి అలా కాదు. లారీ విడిపోయి మనిషయ్యే దారిలో ఒక్క క్షణం అది రెండూ కాకుండా పోయేది. లారీ ఎటు పోయింది, ఈ మనిషి అంతసేపూ ఎక్కడ దాక్కున్నాడు? ఆ క్షణంలో అది నా చేతుల్లో ఉండాలని నాకు పిచ్చి కోరిక.

వాడు ఇస్తేగా! సాయంత్రం కాగానే నేను పోయి వాళ్ళ గడప మీద కూర్చునేదాన్ని. వాడు నాకు కనపడేట్టుగానే ఆడేవాడు. చెయ్యి చాపితే మాత్రం లారీని వీపు వెనక దాచి, "దూరంకెళ్ళి సూడు, ముట్టకు" అనేవాడు. నాకు కడుపు మండిపోయేది. అన్నం ముందు కూర్చుంటే ఆ నిచ్చెన చెయ్యే గుర్తొచ్చేది, పడుకుంటే ఆ ఎడమ భుజం తల. అసలు ఓర్వలేనితనం నాకు అప్పటికి కొత్తేం కాదు. ఇంట్లో పాలు తాగే తమ్ముడున్నాడు. వాడు పుట్టినప్పటి నుంచి అమ్మ ఒడీ వాడిదే, నాయనమ్మ పాటలూ వాడివే. వాణ్ణి చూసి కుళ్ళుకున్నాను, ఇప్పుడు ఈ లారీని చూసి అంతకు రెండింతలు కుళ్ళుకున్నాను.

ఒక సాయంత్రం ఖాలా కొడుకు మళ్ళీ లారీని తిప్పడం మొదలుపెట్టాడు. నేను గడప మీద నుంచి కళ్ళార్పకుండా చూస్తూ, విరిగిపోతే బాగుండు అని మనసులో గట్టిగా అనుకున్నాను. అనుకున్నానో లేదో, లోపల ఏదో టక్కుమంది. తల సగం బయటికి వచ్చి ఆగిపోయింది. నిచ్చెన చెయ్యి చక్రాల మధ్య ఇరుక్కుంది. వాడు లాగాడు, వాళ్ళ నాన్న లాగాడు, అది అటు లారీ కాలేదు, ఇటు మనిషీ కాలేదు. వాడు నేల మీద పడి దొర్లి ఏడ్చాడు. మంచం మీద కూర్చున్న వాళ్ళ నాయనమ్మ తస్బీ పూసలు తిప్పుతూనే, "నజర్ తగిలింది, ఎవలదో ఏమో" అంది. ఆమె ఎవరివైపూ చూడలేదు. ఆ దిష్టి ఎవరిదో నాకు తెలుసు గనక ఇంటికి పరుగెత్తాను.

ముందు కాస్త సంతోషంగానే ఉండింది, అబద్ధమెందుకు. తరువాత భయం పట్టుకుంది. గట్టి ప్లాస్టిక్ లారీనే విరగ్గొట్టిన కన్ను, ఉయ్యాలలో ఉన్న తమ్ముణ్ణి ఏం చేస్తుంది? వాడంటే కూడా కుళ్ళే కదా నాకు. ఆ రాత్రి నుంచి నేను వాడి వైపు చూడడం మానేశాను. ఉయ్యాల ఊపమంటే తల గోడవైపు తిప్పుకుని ఊపేదాన్ని. ఎత్తుకోమంటే దొడ్లోకి పారిపోయేదాన్ని. నాకు పొగరెక్కిందని అమ్మ తిట్టింది. వాడు కేరింతలు కొడితే చూడాలని ప్రాణం కొట్టుకునేది, అయినా కళ్ళు తెరవలేదు.

ఖాలా మజ్జిగ కోసం మా ఇంటికి వచ్చినప్పుడు నేను అలాగే కళ్ళు గట్టిగా మూసుకుని ఉయ్యాల ఊపుతున్నాను. ఆమె తిట్టలేదు. పక్కన కూర్చుని, నెమ్మదిగా అడిగి, ఏడుపుతో సహా నా చేత అన్నీ చెప్పించింది. వింటున్నంతసేపూ నవ్వలేదు. చివరికి నా గదుమ పట్టుకుని, "నీ నజర్ బొమ్మకు తగల్లే బేటీ, ఆ బొమ్మ నజరే నీకు తగిలింది. అది ఇంట్లకొచ్చిన కాన్నుంచి నువ్వు సక్కగ తిన్నవా? కంటినిండ పండుకున్నవా? జర చెప్పు" అంది. ఆలోచిస్తే రెండూ లేవు.

ఖాలా మా అమ్మను ఎండు మిరపకాయలు, ఉప్పు అడిగింది. "పిల్లోనికా అక్కా?" అంది అమ్మ. "కాదు చెల్లె, పెద్దదానికి" అంటూ తమ్ముణ్ణి నాయనమ్మతో బయటికి పంపి, పిడికిలి నా చుట్టూ తిప్పి, మిరపకాయలు పొయ్యిలో వేసింది. దిష్టి నిజంగా తగిలి ఉంటే మిరపకాయలు మాడినా ఘాటు రాదని మా వైపు నమ్మకం. ఇల్లంతా ఘాటే! నాకు దగ్గు ఆగలేదు. ఖాలాకు కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. దగ్గు మింగుకుంటూ, "సూసిన్రా, జర్రంత గూడ ఘాటు లేదు. ఎంత నజర్ తగిలిందో పాపం!" అంది. కొంగు నోట్లో కుక్కుకున్న అమ్మ నా ముఖం చూసి, ఏమనుకుందో, "అవునక్కా, వాసనే లేదు" అంది. బయట నుంచి నాయనమ్మ, "ఏం తగలవెడుతున్రే ఇంట్ల, సంపుతరా?" అని అరిచింది.

ఖాలా నన్ను అరుగు మీదికి తీసుకుపోయి తమ్ముణ్ణి నా ఒళ్ళో పెట్టింది. "ఇగ సూడు, ఎంత సూస్తవో సూడు" అంది. చూశాను. వాడు నా జడ నోట్లో పెట్టుకున్నాడు. వాడికేమీ కాలేదు.

ఆ లారీ మళ్ళీ బాగుపడలేదు. పాడైపోయింది గనక ఖాలా కొడుకు దాన్ని నన్ను ముట్టుకోనిచ్చాడు. చెప్పొద్దూ, ఆ సగం లారీ సగం మనిషిని చూసి కూడా కుళ్ళుకున్నాను. ఖాలా నా కుళ్ళును తీసేయలేదు. నేను చెడ్డదాన్నన్న భయాన్ని తీసేసింది, అదీ అందరి ముందూ దగ్గుకుంటూ అబద్ధమాడి. ఆ పని మళ్ళీ ఎవరైనా నా కోసం చేస్తారని నేను అనుకోను.

ఇన్నేళ్ళొచ్చినా నాకు ఓర్వలేనితనం పోలేదు. వచ్చినప్పుడల్లా ఖాలా అడిగిందే నన్ను నేను అడుగుతాను, తిన్నావా, పడుకున్నావా అని. మొన్న, తమ్ముడి తరువాత పుట్టిన మా చెల్లెలి కొత్తింటి గృహప్రవేశానికి పోయి, ఆ వంటిల్లు చూసి, అక్కడ ఒక్క ముద్ద దిగక లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి అన్నం వేడిచేసుకుని కడుపునిండా తిన్నాను. పడుకుని లేచి చెల్లెలికి ఫోన్ చేశాను. "నీ వంటిల్లు చానా బాగుందే" అన్నాను. "నువ్వు ఏమంటవోనని పొద్దటి సంది సూస్తున్న అక్కా" అంది.