ఎర్రమూత ట్యూబులో తగ్గిన షుగర్

2023 ఎండాకాలం. ఖానాపూర్ బస్టాండ్ దగ్గర ఒక చిన్న కలెక్షన్ సెంటర్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పరీక్షలు ఇక్కడ జరగవు. పొద్దున రక్తం తీసి, ట్యూబులు డబ్బాలో సర్ది, పదకొండు గంటల బస్సుకు నిర్మల్‌లోని పెద్ద ల్యాబ్‌కు పంపుతాను. సాయంత్రం రిపోర్టులు నా ఫోన్‌కు వస్తాయి. మాట్లాడే పని తక్కువని ఈ ఉద్యోగం నాకు నచ్చింది. సూది గుచ్చే ముందు "పిడికిలి బిగించండి", తీశాక "దూది పట్టుకోండి". అంతే.

స్వరూపక్కకు ఏడో నెల. మొదటిసారి ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఈసారి గర్భంతోపాటు షుగర్ వచ్చింది, ఇన్సులిన్ తీసుకుంటోంది. ప్రతి సోమవారం పరగడుపున వచ్చేది. భర్త గంగాధర్ సౌదీలోని దమ్మామ్‌లో పనిచేస్తాడు. రిపోర్టు ఆయనకు కూడా వాట్సాప్‌లో పంపమని నంబరు ఇచ్చింది. నేను పంపిన నిమిషంలోనే నీలి గీతలు పడేవి. అక్కడ ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చునేవాడేమో.

మే నెలలో వరుసగా మూడు వారాలు రిపోర్టులు బాగా వచ్చాయి. 84, 80, 82. అవి చూసి, ఆమెకు వైద్యం చేసే డాక్టరమ్మ ఇన్సులిన్ తగ్గించింది. నాలుగో సోమవారం స్వరూపక్క ఒక గ్లూకోమీటర్ పట్టుకొచ్చింది, వేలి చుక్కతో షుగర్ చూసే చిన్న మిషన్. సెలవు మీద ఊరికి వచ్చిన తోటి పనివాడితో గంగాధర్ పంపాడట.

"పొద్దుగాల చూసుకుంటే నూట ఇరవై చూపెట్టింది చెల్లె. నీ కాడ ఎనబై వస్తది. గిదేంది?"

అంతలోనే ఆమే నవ్వింది. "ఆయన పంపిన మిషన్ కదా, అబద్ధాలే చెప్తది. ఉగాదికి వస్తనన్నడు, వచ్చిండా?"

నాకు నవ్వు రాలేదు. షుగర్ పరీక్షకు బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబ్ వాడాలి. అవి అయిపోయి మూడు వారాలైంది. నిర్మల్ ల్యాబ్‌ను ఒకసారి అడిగాను, పంపలేదు. మళ్లీ అడిగితే విసుక్కుంటారని ఊరుకుని, ఏ మందూ కలపని ఎర్రమూత ప్లెయిన్ ట్యూబులో తీస్తున్నాను. ఏ ట్యూబులో పోసినా రక్తం రక్తమే కదా అనుకున్నాను.

ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న ఆసుపత్రికి వెళ్లి ఒక ఫ్లోరైడ్ ట్యూబ్ అడిగి తెచ్చాను. ఒకే చేతి నుంచి రెండు ట్యూబులూ నింపి పంపాను. సాయంత్రం రిపోర్టు వచ్చింది. ఎర్రమూత 81. బూడిదమూత 119. గర్భిణికి పరగడుపున 95 దాటకూడదు.

డిగ్రీ పుస్తకం తీశాను. ఎర్ర రక్తకణాలు ఒళ్లంతటికీ ఆక్సిజన్ మోస్తాయి, తాము మాత్రం రవ్వంత కూడా వాడుకోవు. ఆక్సిజన్‌తో శక్తి తీసే మైటోకాండ్రియా వాటిలో లేవు. చక్కెరను విరిచి, లాక్టిక్ ఆమ్లంగా మార్చి, ఆ దారిలో దొరికే కొద్దిపాటి శక్తితోనే బతుకుతాయి. దీన్ని ఫెర్మెంటేషన్ అంటారు. పాలలో వేసిన తోడు చేసేది కూడా ఇలాంటి పనే. మూత బిగించినా అది ఆగదు. నేను పంపిన రక్తం ఎండలో, బస్సులో నాలుగైదు గంటలపాటు తనలోని చక్కెరను తానే తింటూ వెళ్లింది. ఫ్లోరైడ్ ఉంటే ఆ తిండి ఆగేది. ఎప్పుడో పరీక్షకు చదివి, కింద గీత కూడా గీసుకున్న పేజీ అది.

డాక్టరమ్మకు చెప్పాల్సిన మాటలు డైరీలో రాసుకుని, చూస్తూ ఫోన్‌లో చదివాను.

"ఎన్ని వారాలు?" అంది.

"మూడు, మేడం."

"ఆ రిపోర్టులు చూసే కదా నేను మందు తగ్గించింది. ఇప్పుడే పంపు ఆమెను."

స్వరూపక్క ఇంటికి నడిచి వెళ్లాను. సంగతి విన్నంతసేపూ ఆమె కడుపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "మూడు వారాలు లోపల నా బిడ్డ ఆ షుగరే తాగిందా? నోరు తెరిచి గా ట్యూబులు ఇంకోసారి అడిగితే నీ ముత్యాలు రాల్తుండెనా?" అంది. చెప్పులేసుకుంటూ ఆగి, "ఆయనకు నువ్వే చెప్పు. మంచిగున్నయని పంపింది నువ్వే కదా."

చెప్పాను. ఫోన్‌లో గంగాధరన్న వెనక ఏదో యంత్రం మోత వినిపిస్తోంది.

"గా మూడు రిపోర్టులు ఫోన్‌ల దాచుకున్న చెల్లె. రోజూ డ్యూటీకి పొయ్యే ముందు చూసుకుంటున్న. గవి తీసెయ్యాల్నా?"

"తీసెయ్యన్నా," అన్నాను.

ఆ సాయంత్రమే ఇన్సులిన్ పెంచారు. జులైలో నిర్మల్‌లో ఆడపిల్ల పుట్టింది. బరువు కాస్త ఎక్కువ. తల్లికి షుగర్ ఉంటే ఒక్కోసారి జరిగినట్టే, పుట్టగానే పిల్లకు షుగర్ పడిపోయి రెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. నా మూడు వారాల వల్లేనా అని డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేం," అంది. ఆ మాట నాతో ఉండిపోయింది. పిల్లకు ఇప్పుడు నడక వచ్చింది. ఏ ఫోన్ మోగినా తండ్రే అనుకుని "బాపు" అని చెయ్యి చాపుతుందట. గంగాధరన్న ఇంకా రాలేదు.

ఇప్పుడు ట్యూబులు అయిపోకముందే అడుగుతాను, విసుక్కున్నా మళ్లీ అడుగుతాను. రక్తం తీసిన సమయం ట్యూబు మీద రాస్తాను. అయితే నేను నేర్చుకున్నది ట్యూబుల సంగతి ఒక్కటే కాదు. మొదటి వారం 84 చూసినప్పుడే ఇంత త్వరగా ఎలా తగ్గిందని ఒక్క క్షణం అనిపించింది. కానీ స్వరూపక్క ఎదురుచూస్తోంది, దమ్మామ్‌లో ఆయన ఎదురుచూస్తున్నాడు, నిజానికి నేనూ ఎదురుచూస్తున్నాను. ఆ అంకె నాకూ కావాలి. అందుకే అనుమానించలేదు. ఇంతమంది కోరుకున్న అంకె ఎప్పుడు కనబడినా, ఎవరికీ పంపకుండా ముందు నా సూది దగ్గరి నుంచి మళ్లీ లెక్క సరిచూసుకుంటాను.