అశ్వత్థ బండి కింద అరగని టైర్లు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటి అనుభవం చెప్పబోతే ఎంత దూరంలో కనబడింది, వెలుతురు ఎంత ఉంది, ఎంతసేపు నిలబడింది అని అడిగేవాణ్ణి. రెండో ప్రశ్నకే వాళ్ళు మాట మార్చేవాళ్ళు. నేను చదివింది పదో తరగతే. లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఇక్కడ రాసేది కూడా నా చేత్తో కొలిచిందే.

మాది పాతపాళ్య. బాగేపల్లిలో డ్రిప్పు పైపుల అంగడి నడుపుతున్నాను. నా తోడల్లుడు అశ్వత్థ, అంటే మా ఆవిడ చెల్లెలు భాగ్య భర్త, చింతామణి పక్క బట్లహళ్ళిలో పట్టుపురుగులు మేపుతాడు. ఇద్దరం ఒకే వారంలో ఒకే రకం ఎస్‌యూవీ కొన్నాం. టైర్లు కూడా ఒకే కంపెనీవి, ఒకే సైజు.

పదిహేను రోజులకోసారి, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే నేను గాలి చూపిస్తాను. ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పిస్తాను. టైరు గాడి లోతు కొలిచే చిన్న గేజీ ఒకటి ఉంది. దాంతో నెలనెలా కొలిచి నోటుబుక్కులో రాసుకుంటాను.

అశ్వత్థ ఇవేవీ చేయడు. వెనక సీట్లు మడిచి మల్బరీ ఆకు మోపులు కుక్కుతాడు. స్పీడు బ్రేకర్లు అతని కంటికి ఆనవు. వెనక ఎడమ టైరులో గాలి ఎప్పుడూ తక్కువే.

ముప్పై వేల కిలోమీటర్లు తిరిగేసరికి నా టైర్ల గాడి ఎనిమిది మిల్లీమీటర్ల నుంచి మూడుకు దిగింది. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, చింతామణిలో మా అత్తగారింటి ముందు అశ్వత్థ బండి నిలిపి ఉంది. అందరూ లోపల భోంచేస్తుంటే నేను బయటికి వచ్చి, వంగి దాన్నీ కొలిచాను. ఆరు పాయింట్ తొమ్మిది. నాలుగు టైర్లూ అంతే. పైగా అతని బండి నా బండి కన్నా రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది.

గేజీ చెడిందేమోనని ఇంకొకటి కొన్నాను. రెండూ ఒకే మాట చెప్పాయి. రోడ్ల తేడా అనుకుందామంటే, అతను తిరిగేది నా కన్నా చెడ్డ రోడ్ల మీద.

తర్వాతి వారం మామ ముందే అశ్వత్థ నా టైరును కాలితో తట్టి, "ఏందన్నా, బండి తోల్తాండావా, సాన పడతాండావా?" అన్నాడు. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వు నన్ను చాలా రోజులు తొలిచింది. జాగ్రత్త నాది, ఫలితం అతనిది.

ఆయుధపూజ ముందురోజు బండ్లు కడిగించాలి కదా. రెండూ నేనే కడిగిస్తాననీ, చక్రాల అలైన్‌మెంట్ కూడా చూపిస్తాననీ చెప్పాను. అశ్వత్థ సంతోషంగా తాళంచెవి నా చేతిలో పెట్టాడు. టైర్ల అంగడికి పోయి, ఈ బండి చక్రాలు నాలుగూ ఆ బండికి, ఆ బండివి ఈ బండికి మార్చమన్నాను.

"ముందరి టైరు ఎనక్కి తిప్పేది చూసినాను గానీ, ఈ బండిది ఆ బండికి తిప్పేది ఇప్పుడే చూస్తాండానప్పా," అన్నాడు అంగడాయన.

"అది మా ఇంటి సంగతిలే. నువ్వు బోల్టులు బిగించు," అన్నాను.

నా పాత టైర్ల లోపలి గోడ మీద, లారీల వాళ్ళు చేసినట్టు, ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు కాల్చి వేయించి ఉన్నాను. అవి అశ్వత్థ బండి కిందికి పోవడం దగ్గరుండి చూశాను. మరునాడు పూజలో అవి నిమ్మకాయలు తొక్కుతుంటే నాకు హాయిగా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది.

నెల తిరిగేసరికి నా బండి పదకొండు వందల కిలోమీటర్లు తిరిగింది. కొలిచాను. అశ్వత్థ దగ్గర ఆరు పాయింట్ తొమ్మిది ఉన్న టైర్లు నా బండి కింద మూడుకు దిగిపోయాయి. నాలుగు సార్లు కొలిచాను.

ఆ సాయంత్రమే మా ఆవిడ చెప్పింది, రేపు పొద్దున అశ్వత్థ భాగ్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని తిరుమలకు బయలుదేరుతున్నాడని. మూడు రోజులుగా వాన. నెలకు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన, నేను తగిలించిన టైర్ల మీద ఈపాటికి రబ్బరే ఉండకూడదు. కొండ మీద, వానలో, ఆ టైర్ల మీద పిల్లలు.

తెల్లవారేసరికి బట్లహళ్ళిలో ఉన్నాను. సామాను ఎక్కించేశారు. ఎవరినీ పలకరించకుండా చక్రం దగ్గర కూర్చుని గేజీ పెట్టాను.

"ఏందన్నా, వచ్చీ రాగానే బండి కింద దూరినావు? యాడన్నా బంగారం పడిండాదా?" అన్నాడు అశ్వత్థ.

ఆరు పాయింట్ తొమ్మిది. నాలుగు చక్రాల దగ్గరా అంతే. మొబైల్ లైటు వేసి లోపలి గోడ చూశాను. నేను కాల్చి వేయించిన అంకెలే, ఒకటి నుంచి నాలుగు దాకా.

అక్కడే కూర్చుని చేసిందంతా చెప్పేశాను. అశ్వత్థ గాడిలో బొటనవేలు పెట్టి చూసి, "బాగుండాయి గదన్నా. దీనికేం ఇంత దూరం వచ్చినావు?" అన్నాడు. భాగ్య బండి దిగలేదు. "పిల్లోళ్ళు కూసునే బండి బావా ఇది," అంది. అంతే.

వాళ్ళు క్షేమంగా వెళ్ళి వచ్చారు. భాగ్య ఆ తర్వాత మా ఇంటి గడప తొక్కలేదు.

అరిగిన రబ్బరు మళ్ళీ పెరగదు. అంగడాయన పొరపాటు చేశాడనుకుందామంటే అంకెలు అడ్డం వస్తాయి. రెండు గేజీలూ ఇప్పటికీ సరిగ్గానే కొలుస్తున్నాయి. ఎంత ఆలోచించినా నాకు లెక్క తేలలేదు.

ఇంకొక్కటి చెప్పాలి. ఆ పొద్దున గేజీలో ఆ అంకె చూడగానే పిల్లలకు ప్రమాదం లేదని నా గుండె తేలికపడి ఉండాలి. పడింది, కానీ తర్వాత. ముందు వచ్చిన ఆలోచన వేరు. నా టైర్లు కూడా ఇతనికే కలిసొచ్చాయా, అని.