వినడానికీ రాసుకోవడానికీ మధ్య

తొంభైల చివర్లో పాలమూరులో నువ్వు చేస్తున్న ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే, కృష్ణలో నీళ్ళు ఎంత పెరిగాయో వినే కంప్యూటర్‌కు చెవులు పెట్టడం అని చెప్పేదాన్ని. అడిగినవాళ్ళు తల ఊపి మాట మార్చేవారు. నల్గొండలో ఉన్న మా అమ్మ మాత్రం "గది గవర్నమెంటు నౌకరేనా?" అని అడిగింది. కాదని తెలిశాక ఇంకేమీ అడగలేదు.

మాది బట్టల దుకాణం మీద కిరాయికి తీసుకున్న రెండు గదుల ఆఫీసు. పనిచేసేది ముగ్గురం. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు గారు మా పెద్ద. వైర్‌లెస్ చూసే ఆయన పాలమూరు పాతబజారు మనిషి, మా అందరికంటే వయసులో పెద్ద, అందరికీ భాయ్. ప్రోగ్రాం రాసేది నేను. ఏటి పొడుగునా కొన్ని చోట్ల స్తంభాలకు ఇనుప డబ్బాలు బిగించి ఉండేవి. ఒక్కో డబ్బా పది నిమిషాలకోసారి తన దగ్గర నీటిమట్టం ఎంతుందో వైర్‌లెస్‌లో చిన్న మెసేజ్‌గా పంపేది. మేం దాన్ని ప్యాకెట్ అనేవాళ్ళం. అన్నిటికంటే పైనున్న డబ్బా దగ్గర నీళ్ళు గీత దాటినట్టు ప్యాకెట్ వస్తే, భాయ్ వెంటనే మైకు అందుకుని దిగువన సైరన్ గుడిసెలో ఉన్న మనిషికి చెప్పాలి. అతను సైరన్ మోగించాలి. ఉద్యోగమంతా ఇంతే.

సైరన్ ఎవరికంటే, ఏట్లో మంద పెట్టుకున్న గొర్రెల వాళ్ళకు. అమ్రాబాద్ గుట్టల కింద ఎండాకాలం కృష్ణ వెనక్కి తగ్గినప్పుడు బురదనేల బయటపడుతుంది. దాని మీద పచ్చగా గడ్డి మొలుస్తుంది. ఊళ్ళలో గడ్డిపోచ దొరకని రోజుల్లో చుట్టుపక్కల మందలన్నీ అక్కడికే దిగుతాయి. వానాకాలం వచ్చినా ఇక్కడ చినుకు పడేదాకా గొర్రెల వాళ్ళు కదలరు. చిక్కంతా అక్కడే ఉంది. వాన పైన ఎక్కడో కురుస్తుంది, ఇక్కడ ఎండ మాడ్చేస్తుంటుంది, ఏరు మాత్రం ఉన్నట్టుండి నిండుతుంది.

సైరన్ బిగించినప్పుడు భాయ్‌తో కలిసి జీపులో నేనూ వెళ్ళాను. బురదనేలకూ ఒడ్డుకూ మధ్య మోకాలి లోతు పాయ ఒకటి పారుతోంది. దాటి వెళితే ఒక అవ్వ గంపలు బోర్లించి కూర్చుని ఉంది. గొర్రెలను కొడుకులు మేపుకు తోలుకుపోయారు. మందతో నడవలేని గొర్రెపిల్లలు ఎండకు మాడకుండా, కుక్కల పాలు కాకుండా గంపల కింద ఉన్నాయి. సందుల్లోంచి మూతులు బయటికి పెట్టి అరుస్తున్నాయి. ఆమె మాకు కూర్చోను జాగా చూపించింది, జొన్నరొట్టె పెట్టింది. తర్వాత సైరన్ స్తంభం వైపు చెయ్యి చూపి అడిగింది.

"గది ఎంత ముందుగాల మొత్తుకుంటది బిడ్డా?"

"నీళ్ళు రానీకి గంటన్నర ముందు మొత్తుకుంటది అవ్వా."

ఆమె పక్కన కట్టేసిన గాడిదల వైపు చూసింది, పాయ వైపు చూసింది, గంపల వైపు చూసింది. "గంటన్నర ఉంటే ఫికర్ లేదు. పిల్లలను గాడిదల మీదేసుకొని ఒడ్డుకు ఎన్ని తిరుగుళ్ళయినా తిరుగుత," అంది. ఆ మాట చాలనిపించి నేను ఇంకో ముక్క రొట్టె తిన్నాను.

ఇక ప్రోగ్రాం సంగతి. వైర్‌లెస్‌ను కంప్యూటర్‌కు కలిపే కార్డు మతిమరుపుది. ఒక్క అక్షరమే గుర్తుంచుకునేది. దాన్ని మనం తీసుకునేలోపు రెండోది వస్తే మొదటిది పోయినట్టే. మొదట నేను రాసిన పద్ధతిలో కంప్యూటర్ తన పనులు తాను చేసుకుంటుంటే, అక్షరం వచ్చినప్పుడు కార్డే దాన్ని తట్టి పిలవాలి. సరిగ్గా డిస్కు మీద రాసుకుంటున్నప్పుడు తట్టేది. కంప్యూటర్ తిరిగి చూసేసరికి సగం ప్యాకెట్ గల్లంతయ్యేది. ఇంజనీరు గారు స్క్రీన్ మీది ఖాళీలను వేలితో చూపిస్తూ "ఒక్కటి కూడా పోకూడదమ్మా, ఒక్కటంటే ఒక్కటి," అనేవారు. చెప్పేవాళ్ళకేం, ఎన్నయినా చెబుతారు.

నల్గొండలో మంచినీళ్ళ నల్లా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని అమ్మ బిందె పెట్టుకుని నల్లా ముందే కూర్చునేది, పొయ్యి మీద అన్నం మాడినా లేచేది కాదు. నేను కంప్యూటర్‌ను అలాగే కూర్చోబెట్టాను. డిస్కు, గడియారం, కీబోర్డు, అన్నిటి పిలుపులూ మూసేసి, వచ్చిందా వచ్చిందా అని కార్డును ఒక్కదాన్నే ఎడతెగకుండా అడుగుతూ ఉండమన్నాను. దీన్ని బిజీ పోలింగ్ అంటారని తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పటికి నాకది మొండితనం, అంతే. వచ్చినవన్నీ మెమొరీలో పెట్టుకుని, పొద్దునా సాయంత్రం మాత్రం ఆగి డిస్కు మీద రాసుకునేది.

ఆ మొండితనం పనిచేసింది. ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. ఇంజనీరు గారు చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ స్క్రీన్ చూపించి మురిసిపోయారు. నేనూ మురిసిపోయాననే చెప్పాలి, పైకి కనబడనివ్వలేదు గానీ.

ఒకరోజు మధ్యాహ్నం మసీదులో అజాన్ వినిపించింది. భాయ్ లేవబోతూ చేతిగడియారం చూసుకుని, తర్వాత స్క్రీన్ మీది టైం చూసి నవ్వాడు.

"మేడమ్, మీ మిషన్ నమాజుకు లేట్ అయితాంది. జర సూడుండ్రి."

చూస్తే కంప్యూటర్ గడియారం చాలా వెనకబడి ఉంది. కారణం తెలుసుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు. గడియారం కూడా కంప్యూటర్‌ను తట్టే ముందుకు నడుస్తుంది. ఎవరు తట్టినా పలకొద్దని చెప్పింది నేనే. ఏ ప్యాకెట్ ఎప్పుడొచ్చిందో సరిగ్గా వేయలేని స్క్రీన్‌ను చూసి నీళ్ళు ఎప్పటికి వస్తాయో ఎలా చెబుతాం? ఇంజనీరు గారు రోజూ పొద్దున చేత్తో సరిచేద్దాం అన్నారు. అలాగే కొన్నాళ్ళు నడిపించాం.

ఆ తర్వాత ఒక సాయంత్రం, అది రాసుకోవడానికి ఇంకాస్త టైం ఉందనగా కరెంటు పోయింది. బ్యాటరీ అంతకు ముందే చచ్చిపోయి ఉంది. కొత్తది తెప్పించాలని అందరం అనుకుంటూనే ఉన్నాం. పొద్దుటి నుంచి ఒక్కటీ వదలకుండా విన్నదంతా మెమొరీతో పాటే పోయింది. ఇంజనీరు గారికి కోపం వస్తే "అమ్మా" పోయి "మేడమ్ గారూ" వచ్చేది. ఆ సాయంత్రం చాలాసార్లు మేడమ్ గారినయ్యాను.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురం కూర్చున్నాం. నా మాట ఒకటే. గంటకోసారి వినడం కాసేపు ఆపుదాం, వచ్చిందంతా డిస్కు మీద రాసి, గడియారం సరిచేసి, మళ్ళీ విందాం. డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా పంపుతాయి కాబట్టి, ఏ వంతూ లేని ఖాళీ చూసి అక్కడ ఆపుదాం.

"వంతులు అట్లనే ఉంటయా?" అని అడిగాడు భాయ్.

ఉండవు. డబ్బాల్లోనూ గడియారాలున్నాయి, ఎండకు అవీ జరుగుతాయి. ఇవాళ ఖాళీగా ఉన్న చోటికి రేపు ఏదో ఒకటి వచ్చి కూర్చోవచ్చు. ఆ మాటే చెప్పాను.

"గప్పుడేమైతది?"

"గా ఒక్క ప్యాకెట్ పోతది భాయ్. పది నిమిషాలకు ఇంకోటి వస్తది."

ఒక్కటి కూడా పోకూడదన్న ఇంజనీరు గారే ఈసారి లెక్క కట్టారు. "గంటన్నరలో పది నిమిషాలు పోతే గంటా ఇరవై మిగులుతుందిగా. చాలదా?"

భాయ్ కొంచెం ఆలోచించాడు. "సాలొచ్చు సాబ్."

నాకూ చాలుననిపించింది. గడియారం అరగంట వెనకబడడం కంటే, పొద్దుటి నుంచి విన్నదంతా పోవడం కంటే, ఎప్పుడో ఒకసారి పది నిమిషాలు పోవడం మేలు. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. కింది నుంచి మిర్చి బజ్జీలు తెప్పించుకున్నాం. ఆ వారంలోనే కొత్త ప్రోగ్రాం పెట్టాను. గడియారం కుదురుగా నడిచింది. కరెంటు పోయినా పెద్దగా ఏమీ పోయేది కాదు. భాయ్ నమాజుకు స్క్రీన్ చూసి లేవడం మొదలుపెట్టాడు, నన్ను ఉడికించడానికి.

ఏరు వచ్చిన రోజు పాలమూరులో మబ్బుతునక కూడా లేదు. మధ్యాహ్నం దాటింది. పై డబ్బా నుంచి వచ్చిన ప్యాకెట్‌లో నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. తర్వాతి వంతు దగ్గర స్క్రీన్ మీద ఖాళీ. భాయ్ "ఒకటి రాలే," అన్నాడు. ఆ డబ్బా గడియారం జరిగి జరిగి, సరిగ్గా మేం రాసుకునే చోటికి వచ్చింది. దాని తర్వాతి వంతు కోసం పది నిమిషాలు ఎదురుచూడ్డం తప్ప చేసేదేమీ లేదు. వచ్చిన ప్యాకెట్‌లో నీళ్ళు గీత దాటి చాలా పైకి పోయాయి. భాయ్ కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచి మైకు అందుకున్నాడు. సైరన్ మోగింది.

మనుషులందరూ ఒడ్డెక్కారని సాయంత్రానికి తెలిసింది. మందలూ ఎక్కాయి. ఒక్క మందలో గొర్రెపిల్లలు కొన్ని పోయాయని సైరన్ గుడిసె నుంచి చెప్పారు. ఇంజనీరు గారు ఊపిరి పీల్చుకుని "పోనీలెండి, మనుషులు దక్కారు," అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. డిస్కు మీద అన్నీ వేళలతో సహా ఉన్నాయి. ఏ ప్యాకెట్ పోయిందో, ఎప్పుడు పోయిందో చూపించగలిగాం.

ఏరు కాస్త నిలకడగా ఉందని తెలిశాక నేనొక్కదాన్నే బస్సులో వెళ్ళాను. ఇకమీదట గంటన్నర అనుకోవద్దు, గంటే అనుకోండి అని మందల వాళ్ళకు చెప్పడానికి. వాళ్ళు ఇప్పుడు ఒడ్డు మీద తుమ్మచెట్ల మధ్య ఉన్నారు. పోయిన పిల్లలు అవ్వవే. నన్ను గుర్తుపట్టింది, కూర్చోమంది. ఆమె పక్కన ఒక గొర్రె ఆగకుండా అరుస్తోంది. పొదుగు బిగిసిపోయి ఉంది. ఆమె దాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని పాలు నేల మీదికే పిండుతోంది.

చెప్పాల్సింది చెప్పాను. ఒక ప్యాకెట్ పోయిందనీ, అందుకే సైరన్ పది నిమిషాలు ఆలస్యంగా మోగిందనీ చెప్పాను. ఆమె తల ఎత్తకుండా విన్నది.

"గప్పుడు మీ మిషన్ ఏం చేస్తుండె బిడ్డా?"

"అప్పటిదాంక విన్నది రాసుకుంటుండె అవ్వా."

"రాసుకున్నదా మరి?"

"రాసుకున్నది."

ఆమె గొర్రెను వదిలేసింది. అది నాలుగడుగులు పోయి, ఏటి వైపు తిరిగి మళ్ళీ అరవడం మొదలుపెట్టింది. అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆఖరి తిరుగుడుకు పోదమని వచ్చేటాల్లకు పాయ నిండింది. గంటన్నర గాలేదు గదా, ఇంకా టైం ఉందనుకున్న. మళ్ళ వస్తగదా అని మిగిలిన పిల్లల మీద గంపలు కమ్మిపెట్టే వచ్చిన. లేకుంటే గంపలన్న ఎత్తి వస్తుంటి. గవి ఎట్లన్న ఈదుకుంట ఒడ్డుకొస్తుండె." గొర్రె వైపు చూసింది. "పది నిమిషాలు గిట్ల పోతయని నాకు ఒక్క మాట ముందుగాల చెప్తే అయిపోతుండె గదా బిడ్డా."

ఆమె కోపంగా అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికి సిగ్గేసి ఏటి వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ పది నిమిషాల గురించి మేం ముగ్గురం ఒక మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నాం. అన్ని వైపుల నుంచీ ఆలోచించాం, చాలుననుకున్నాం. ఆ గదిలో ఆమె లేదు.