తొమ్మిదో నంబరు గుంట

మైపాడు దగ్గర మా రొయ్యల గుంటలకు నాలుగు, ఐదు, ఆరు అని నంబర్లు. ఒకటి నుంచి మూడు దాకా బాబాయివి. నాన్న, బాబాయి వాటాలు పంచుకున్నారు గానీ నంబర్లు మార్చలేదు. మా వైపు ఎవరూ మార్చరు. మేత సంచులూ పనివాళ్ల నోళ్లూ ఆ నంబర్లకే అలవాటుపడి ఉంటాయి.

నాన్న పోయాక గుంటలు అన్న చూసుకుంటున్నాడు. పోయినసారి తెగులు తగిలి పంట మొత్తం పోయింది. ఈసారీ అంతే అయితే గుంటలు వదిలేస్తానన్నాడు. అందుకే నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే మీటరు కొని, ముందుగా ఐదో నంబరులో పెట్టించాడు. దాని లెక్క ఫోన్‌లో కనబడేలా చేసే పని నా నెత్తిన పడింది. ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాసుకునేదాన్ని నేనే కదా! పడింది అంటున్నాను గానీ, నిజానికి ఎగిరి గంతేసి తీసుకున్నాను.

మీటరు తయారుచేసినవాళ్లు సి భాషలో రాసి, కంపైల్ చేసిన లైబ్రరీ ఒక్కటే ఇచ్చారు. లోపల ఏముందో చూడటానికి వీల్లేదు. గుంట నంబరు పంపితే ఆక్సిజన్ ఎంతో చెప్పే ఫంక్షన్ అందులో ఉంది. దాన్ని పైథాన్ నుంచి పిలిచాను. అలా పిలిచేటప్పుడు, వచ్చే జవాబు దశాంశ సంఖ్య అని ముందే చెప్పి పెట్టాలి. లేకపోతే పైథాన్ పూర్ణసంఖ్య వస్తుందనుకుంటుంది. జవాబు ఒకచోటికి వస్తే, అది ఇంకోచోట వెతికి అక్కడ పడి ఉన్నదేదో తెచ్చిస్తుంది. తప్పు జరిగిందని కిక్కురుమనదు. ఆ ఒక్క లైను నేను రాయలేదు.

ఫోన్‌లో ఐదు అని వచ్చింది. నాలుగుకు తగ్గకపోతే రొయ్యకు భయం లేదు. అన్న మురిసిపోయాడు. పాయింట్ తరవాత అంకెలు లేవేమిటని నాకు అనుమానమైనా రాలేదు.

మర్నాడు మబ్బు పట్టింది, గాలి లేదు. అలాంటి రోజు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి. బాబాయి కూడా తన రెండో నంబరుకు అదే మీటరు పెట్టించి, దాన్నీ కలపమన్నాడు. కలిపాను. రెండు అని వచ్చింది. రెండంటే రొయ్య చావుబతుకుల్లో ఉన్నట్టే. గాభరాగా ఫోన్ చేశాను.

“ఏంది పాపా నువ్వు! కరెంటు పోయినా జనరేటర్ వేసుండాం, ఏరియేటర్లు తిరగతానే ఉండాయి. రొయ్య బాగా మేస్తా ఉంది,” అని బాబాయి నవ్వాడు.

ఫోన్ పెట్టేసి, తొమ్మిది అని కొట్టాను. మాకు తొమ్మిదో నంబరు గుంట లేనే లేదు. జవాబు తొమ్మిది అని వచ్చింది.

నేను పంపిన నంబరే నాకు తిరిగొస్తోంది. అంటే నిన్నటి ఐదు కూడా ఆక్సిజన్ లెక్క కాదు, గుంట నంబరే. అన్నకు చేస్తే ఎత్తలేదు. స్కూటీ తీసి పరిగెత్తించాను.

ఐదో నంబరులో ఏరియేటర్లు ఆగి ఉన్నాయి. నీళ్లు కదలడం లేదు. గట్టు పొడుగునా రొయ్యలు పైకి తేలి గాలి అందక కొట్టుకుంటున్నాయి. అన్న షెడ్డులో అన్నం తింటున్నాడు.

“అన్నా, జనరేటర్ వెయ్! ఆ ఐదు అబద్ధం!”

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు. ఏరియేటర్లు తిరిగాయి గానీ, అప్పటికే సగానికి పైగా పోయింది. పట్టుబడికి వచ్చిన, రేపోమాపో అమ్మాల్సిన రొయ్య. తప్పు నాదేనని, ఏం జరిగిందో చెప్పాను. అన్న నీళ్లవైపే చూస్తూ విన్నాడు.

“మబ్బు రోజు కరెంటు పోతే నిమిషం ఆగే మనిషినా నేను? ఫోన్ చూసినా. ఐదుండాది. పాప పెట్టింది గదా అని అన్నం తినను కూచున్నా.” ఎంగిలి చెయ్యి కడుక్కుంటూ, “ఇంక ఈ గుంటలు ఎవురికన్నా ఇచ్చేద్దాంలే,” అన్నాడు.

గట్టు మీదే కూర్చుని, అప్పుడు రాయని ఆ ఒక్క లైను ఫోన్‌లోంచే చేర్చాను. ఒకటి పాయింట్ ఎనిమిది అని వచ్చింది. ఈసారి నిజమే. అది అన్నకు చూపించడానికి నాకు ముఖం చెల్లలేదు.