మస్తానన్న అడిగించిన నీళ్లు

జూన్ నెల, రెండో ఆదివారం. కర్నూలు శివారు, నంద్యాల రోడ్డు వైపు కొత్త కాలనీ.

హాజరైనవారు: లారీ డ్రైవరుగా పనిచేసి ఈ మధ్యే మానుకున్న మస్తాన్ వలి, ఆయన భార్య హుసేన్‌బీ, సాయానికని కడప నుంచి వచ్చిన మా ఆయన దేవదానం, నేను. సామాను తెచ్చిన ట్రాలీ ఆటో డ్రైవరు కూడా కాసేపు ఉన్నాడు గానీ, ఇంకో బాడుగ ఉందని దించీ దించగానే వెళ్లిపోయాడు.

ప్రభుత్వ నర్సుగా చేరిన రోజు నుంచీ నా డైరీలో ఏ పేజీ అయినా ఇలాగే, ఎవరెవరు ఉన్నారన్న దానితోనే మొదలవుతుంది. ఆ ఆదివారం మాత్రం పెన్ను తీయకముందే ఒక వాసన నన్ను వెనక్కి లాక్కుపోయింది. హుసేన్‌బీ గాజు గిన్నెలు కట్టిన గోనెసంచి విప్పుతుంటే లోపలి నుంచి వరిగడ్డి వాసన వచ్చింది. అది ఒట్టి గడ్డి వాసన కాదు, బనగానపల్లె మామిడికాయలు మగ్గిన గడ్డి వాసన. మస్తానన్న వేసవిలో మామిడి లోడు దించాక ఆ గడ్డిని పారేయకుండా దాచేవాడు. జూన్‌లో బదిలీల మీద ఊళ్లు మారే మాలాంటి వాళ్ల గాజు సామాను, పింగాణీ సామాను దాంట్లో చుట్టేవాడు. అందువల్ల కొత్త ఊళ్లో మొదటి వారమంతా మా కంచాల్లో పప్పన్నానికి కూడా మామిడిపండు వాసన పట్టేది. ఇప్పుడు ఆ గడ్డిలోంచి ఆయన సొంత సామాను బయటికి వస్తోంది. లారీ యజమాని వేరే అయినా ఎన్నో సంసారాలను ఊరి నుంచి ఊరికి మోసిన మనిషి, చివరికి తన రెండు గదుల సొంత ఇంటికి చేరాడు.

హుసేన్‌బీకి మాత్రం ఆ సంబరం లేదు. సంచి ముడి విప్పుతూనే నాతో తేల్చి చెప్పేసింది.

“సిస్టరమ్మా, నేను సగం సంచులే విప్పుతాండా. పాత రూము తాళంచెవి నా కొంగుకే ఉండాది, నెలాఖరు దాకా బాడుగ కట్టేసినాం. ఈడ పలకరించే మనిషి లేకపోతే పొద్దున్నే ఎనక్కి పోతా. ఈయప్ప కావాలంటే ఈడే ఉండి గోడలతో మాట్లాడుకోనీ.”

మస్తానన్న వాకిట్లో కూర్చుని తాళ్లు చుట్టలు చుడుతున్నాడు. ఆ మాట విని ఇంకో తాడు అందుకున్నాడు. ఎంత పెద్ద ఘాట్ రోడ్డులోనైనా పాట పాడుకుంటూ లారీ తోలిన మనిషి, పాట లేకుండా పని చేయడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆయనతో మా పరిచయం నాకు కోడుమూరు బదిలీ అయినప్పుడు మొదలైంది. నాది నర్సు జీతం, మా ఆయనది ఎలిమెంటరీ స్కూలు పంతులు జీతం. ఇంటి సామానుకని ప్రత్యేకంగా లారీ మాట్లాడుకుంటే ఒక జీతం మొత్తం దానికే పోయేది. లారీ స్టాండులో అందరూ అదే రేటు చెబుతుంటే, ఒక బక్కపలచటి మనిషి బండి చక్రాలను ఒక్కొక్కటిగా అరచేత్తో తట్టి చూసుకుంటూ, తల తిప్పకుండానే అడిగాడు. “తొందరేమన్నా ఉండాదా సార్? రెండు దినాలు ఆగితే నేను ఆ పక్కకు ఖాళీ బండి తోలుకోని పోతా, నాపరాళ్లు ఎత్తుకొచ్చేదానికి. ఖాళీగా పొయ్యే బండిలో మీ మంచాలు కూర్చుంటే నా డీజిల్ ఏమన్నా ఎక్కువ తాగుతాదా?” అలా మేము ఆగాం. ఆ తర్వాత ప్రతి బదిలీకీ ఆగుతూనే వచ్చాం. ఆర్డరు చేతికి రాగానే పై అధికారికన్నా ముందు మస్తానన్నకే కబురు వెళ్లేది.

కోడుమూరులో ఇంటి ముందు లారీ ఆపి, వెనక తలుపు గొలుసు కూడా తీయకుండా ఆయన నా వైపు తిరిగాడు. “సిస్టరమ్మా, పక్కింట్లో ఒక బిందె నీళ్లు అడుక్కరాపో. గొంతు ఎండిపోయింది.”

మా ఆయనకు అది నచ్చలేదు. “ఊళ్లో కాలు పెట్టగానే అడుక్కోవడమేంటయ్యా? మన కుండలో నీళ్లున్నాయి.”

“కుండ అన్నిటికన్నా అడుగున ఉండాది సార్. తీయాలంటే ముందు బీరువా దించల్ల. బీరువా దించాలంటే నాకు నీళ్లు కావల్ల.”

“నువ్వే పోయి అడగొచ్చు కదా?”

“నేను అడిగితే డ్రైవరుకు ఇస్తారు. ఆయమ్మ అడిగితే పక్కింటామెకు ఇస్తారు.”

ఏం చేస్తాను, వెళ్లి అడిగాను. ఆ ఇంటావిడ నీళ్లివ్వడానికి ముందు ఏ ఊరని, తర్వాత ఏం పనని, ఆ తర్వాత ఏ చర్చికి పోతామని అడిగి, బిందె తానే ఎత్తుకుని నా వెంట వచ్చింది. ఆమె వెంట ఆమె భర్త, మరుదులు వచ్చారు. వాళ్లు నీళ్లు తాగుతున్న మస్తానన్నతో రెండు మాటలు మాట్లాడి, మూడో మాటకల్లా బీరువాకు చెయ్యి వేశారు. హమాలీల ఖర్చు తప్పింది. మా ఆయన ఆ రాత్రి భోజనం దగ్గర “గడుసువాడే” అని ఒప్పుకున్నాడు.

కొన్నేళ్లకు కోసిగి బదిలీ వచ్చింది. దారి పొడుగునా గుంతలు. క్యాబిన్‌లో నేను కూర్చున్న సీటు కింద ఏదో గళగళమంటోంది. వంగి చూస్తే నీళ్ల క్యాను, అది కూడా సగానికి పైగా నిండి.

“మస్తానన్నా, ఇంత క్యాను పెట్టుకుని మమ్మల్ని ఊరూరా నీళ్లు అడుక్కోమంటావా?”

“అవి ఇంజనుకమ్మా.”

“ఇంజను నీళ్లలో వట్టివేళ్లు కూడా వేస్తారా?”

ఆయన దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు. నవ్వు ఆపుకోలేక బండి పక్కకు తీసి ఆపాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ క్యానులో నీళ్లే తలా ఇంత తాగి మళ్లీ బయల్దేరాం.

కోసిగిలో మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ ఏడు వానలు లేవు. వీధిలో సగం ఇళ్లకు తాళాలు. పనుల కోసం జనం కుటుంబాలతో వలసపోయారు. మిగిలినవాళ్లు బోరు దగ్గర బిందెలు వరుసగా పెట్టి తమ వంతు కోసం కూర్చున్నారు. మా పక్కింట్లో ఈరమ్మ అనే ముసలమ్మ ఒక్కతే ఉంది. “ఇక్కడ నేను అడగను మస్తానన్నా, పాపం తగులుతుంది” అన్నాను.

“ఈడే అడగల్ల సిస్టరమ్మా. రేపు నువ్వు సూది పట్టుకోని పోతే ఆయమ్మ నీకు చెయ్యి సాపల్ల కదా? ఇయ్యాల నువ్వు సాపు. బిందె వద్దులే, చెంబుడు చాలు.”

అడిగాను. ఈరమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసి, చెంబు నింపి ఇచ్చింది. “దుడ్లడిగితే లేవు గానీ, తాగే నీళ్లకు లేదంటామా తాయీ” అంది. నీళ్లు తాగి, చెంబు కడిగి ఇవ్వబోతుంటే మస్తానన్న వెనక నుంచి గొణిగాడు. “ఇయ్యాలే ఇచ్చేస్తావా? ఇచ్చేస్తే రేపు ఏం పని పెట్టుకోని పోతావు ఆ ఇంటికి? ఉండనీ. రేపు ఇయ్యి, ఖాళీది మాత్రం ఇయ్యొద్దు.”

మర్నాడు ఉడికించిన అలసందలు వేసి, మా గిన్నె ఒకటి మూతగా పెట్టి ఆ చెంబు ఇచ్చాను. రెండు రోజులకు మా గిన్నెలో వేయించిన చెనక్కాయలు వచ్చాయి. నేను కోసిగిలో పనిచేసినంత కాలం ఆ చెంబూ ఆ గిన్నే మా రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉన్నాయి. ఆసుపత్రి అంటే భయపడే ఆడవాళ్లను ఈరమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. “ఈయమ్మ మనింట్లో నీళ్లు తాగిన మనిషిలే, బయపడగాకు” అని వాళ్లకు చెప్పేది. ఆ తర్వాత నేను ఏ ఊళ్లో ఏ ఇంటి గడప తొక్కినా, టీకా సంగతి, కాన్పు సంగతి ఎత్తకముందు మంచినీళ్లు అడగడం అలవాటు చేసుకున్నాను. ట్రైనింగులో నాకు చాలా నేర్పారు. ఇది మాత్రం లారీ దిగిన చోట నేర్చుకున్నాను. రిటైరై కడపలో స్థిరపడ్డాక కూడా, మా వీధిలోకి ఎవరు కొత్తగా దిగినా వాళ్లు అడిగేదాకా ఆగకుండా నేనే చెంబుతో వెళ్తాను. ఆ చెంబు మళ్లీ నా దగ్గరకు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం నాకు సరదా.

నాకు అది నేర్పిన మస్తానన్న ఆ ఆదివారం సాయంత్రం తన వాకిట్లో తాళ్లు చుడుతూ కూర్చున్నాడు. నేను పక్కన చేరి, “ఏం మస్తానన్నా, గొంతు ఎండలేదా?” అన్నాను.

“ఇది ఆ ఊర్ల మాదిరి కాదు సిస్టరమ్మా. పొద్దున్నుంచి చూస్తాండా. అన్నీ గేట్లే. మనుషులు బండ్ల మీద వస్తాండారు, లోపలికి పోతాండారు. నాకు అడిగేదానికి మొగం చెల్లలేదు.”

లోపల్నుంచి హుసేన్‌బీ అందుకుంది. “ఊర్లోళ్లందరి చేత అడిగిచ్చి, తన ఇంటికొచ్చేసరికి సిగ్గుపడతాండాడు చూడు! సిస్టరమ్మా, నీకు తెలుసునో లేదో, ఈయప్ప ఆ నీళ్ల కత యాడ నేర్చుకున్యాడో? నా దగ్గరే. పెండ్లయిన కొత్తలో ఆ రూములో నన్ను దించి, లోడు ఉండాదని అదే దినం బండెక్కినాడు. దప్పికైతే పక్కింట్లో అడిగినా. ఆ పక్కిల్లే నాకు పుట్టిల్లయింది. ఈయప్ప నెలకు నాలుగు దినాలు ఇంట్లో ఉంటే ఎక్కువ. టైరు పేలి ఆగినా, లోడు దొరక్క ఆగినా, నాకు కబురు తెచ్చేదీ వాళ్లే, కాన్పుకు తీసుకుపోయిందీ వాళ్లే. ఆ సందు ఇడిసి ఈడికి రమ్మంటే ఎట్ల? ఇప్పుడు దినమంతా ఇంట్లో ఉంటాడంట. ఈయప్పతో నేనేం మాట్లాడల్ల, టైర్ల గురించా?”

మస్తానన్నతో సహా అందరం నవ్వాం గానీ, ఆమె కొంగుకున్న తాళంచెవి అందరి కళ్లకూ కనిపిస్తూనే ఉంది. నేను లేచి పక్కింటి గేటు దగ్గరకు వెళ్లాను. బెల్లు కొడితే పాతికేళ్లు దాటిన ఒక అమ్మాయి తలుపు తీసి అక్కడి నుంచే అడిగింది. “ఎవరు కావాలి ఆంటీ?”

“పక్కింట్లోకి కొత్తగా వచ్చినారమ్మా. తాగడానికి కొంచెం నీళ్లు కావాలి.”

“మినరల్ వాటర్ ఆటో పొద్దున వస్తాది ఆంటీ. నంబరు ఇయ్యమంటారా?”

“ఈ పూటకు తాగడానికి అడుగుతున్నానమ్మా.”

ఆ అమ్మాయి లోపలికి వెళ్లి, చేతికందిన బాటిల్ నింపుకొచ్చి, గేటు ఊచల మధ్య నుంచి ఇచ్చింది. దాని మీద ఏనుగు బొమ్మ ఉంది. నేను పేరు అడిగేలోపే ఫోను మోగి వెళ్లిపోయింది.

“చూస్తివా? గేటు కూడా తీయల్యా” అంది హుసేన్‌బీ. విప్పిన గోనెసంచికి మళ్లీ ముడి వేసింది. మస్తానన్న ముఖం చూడలేక నేను బాటిల్ ఖాళీ చేసి కడిగి, వెళ్లి ఇచ్చేద్దామని లేచాను.

అప్పుడు మా ఆయన గట్టిగా అన్నాడు. “ఎక్కడికి? ఈ రోజు ఇవ్వకూడదు. రేపు ఏం పని పెట్టుకుని పోతావు ఆ ఇంటికి?”

కోడుమూరులో బిందె నీళ్లు అడగడానికి నామోషీ పడ్డ మనిషి ఆ మాట అనేసరికి మస్తానన్న ఆ రోజు మొదటిసారి గలగలా నవ్వాడు. “సార్‌కు ఇన్నాళ్లకు పాఠం వచ్చింది” అన్నాడు. మేమిద్దరం ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం.

మర్నాడు పొద్దున, కొత్త ఇంట్లో తొలిపూట తీపి వండాలని హుసేన్‌బీ సేమియా పాయసం చేసింది. “పొయ్యేదాన్నయినా, పొయ్యి ముట్టించకుండా పోకూడదు కదా” అని గొణుక్కుంది. స్టవ్ ఆపుతుండగా తలుపు కొట్టిన చప్పుడైంది. చేతిలో దువ్వెనతో పక్కింటి అమ్మాయి నిలబడి ఉంది.

“ఆంటీ, నిన్న ఇచ్చిన బాటిల్ మా పాపది. ఈరోజు బడి తెరుస్తారు. అది లేకపోతే బస్సెక్కనని ఏడుస్తాంది.”

హుసేన్‌బీ బాటిల్ తీసి ఇవ్వబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఖాళీది ఎట్ల ఇయ్యాల? ఉండు.”

“పరవాలేదు ఆంటీ, టైమవుతాంది.”

“పాయసం దీంట్లోకి పోదే, మూతి సన్నం! నిలబడకు, కూర్చో.” ఆమె గబగబా గోనెసంచి ముడి విప్పి, డబ్బా కోసం చెయ్యి దూర్చింది. గడ్డి గదంతా పడింది. ఆ అమ్మాయి గాలి పీల్చి, ఒక పరక చేతిలోకి తీసుకుంది.

“ఇది మామిడి గడ్డి కదా? మాది బనగానపల్లె ఆంటీ. మా నాయన ఇంటినిండా ఇట్లే మగ్గబెట్టేటోడు.” టైము లేదన్న మనిషి, దువ్వెన ఒళ్లో పెట్టుకుని గడ్డి పక్కనే కూర్చుంది.

బయట బస్సు హారను మోగేదాకా మాటలు సాగాయి. ఒక చేతిలో ఏనుగు బాటిల్, ఇంకో చేతిలో పాయసం డబ్బా పట్టుకుని, “సాయంత్రం వస్తా ఆంటీ” అంటూ ఆ అమ్మాయి పరుగెత్తింది.

హుసేన్‌బీ కింద పడ్డ గడ్డిని ఒక మూలకు చేర్చింది. కొంగు ముడి విప్పి తాళంచెవి మస్తానన్న ముందు పెట్టింది. “రూము ఓనరుకు ఇచ్చేసి రా.”

“పొద్దున్నే పోతానంటివే?”

“ఎట్ల పొయ్యేది? నా డబ్బా వాళ్లింట్లో ఉండాది.”

మస్తానన్న తాళంచెవి జేబులో వేసుకున్నాడు. బయటికి నడుస్తూ గడపను, గోడను, గేటును ఒక్కొక్కటిగా అరచేత్తో తట్టుకుంటూ వెళ్లాడు.